చూపించని ఆర్డరు

దీవిలో మిన్నీ బే దగ్గర పడవలు లాగే ఒడ్డు ఖాళీ చెయ్యాలని రెండు నెలలుగా మైకులో చెబుతున్నారు. ఎవరి ఆర్డరో, దేనికో చెప్పలేదు. అక్కడ పడవ కట్టుకునే అప్పలరాముడు ఆఫీసుకు వెళ్లి అడిగితే కాగితం బయటికి ఇవ్వకూడదన్నారు. అతని కూతురు కళ సమాచార హక్కు కింద అర్జీ పెడితే, దేశ భద్రత దృష్ట్యా ఇవ్వలేమని జవాబొచ్చింది.

"బద్రతంట! మన పీతల బుట్టలు సూసి దేసం దడుసుకుంటాదేటి?" అంది కళ తల్లి నూకరత్నం.

సోమవారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. వెనక ఆఫీసరు, ఇద్దరు కానిస్టేబుళ్లు. అప్పలరాముడు పడవ తాడు విప్పబోయాడు. "ఆలతో మనకెందుకే, తీసేద్దుం."

నూకరత్నం అతని చేతిలోంచి తాడు లాక్కుని జేసీబీ ముందుకెళ్లి నిలబడింది.

"సాబ్, ఆర్డర్ దిఖావో."

"ఫైల్లో ఉంది దీదీ. చూపించకూడదు," అన్నాడు ఆఫీసరు హిందీలో.

ఆమె కూతురి వైపు తిరిగింది. "కళా, రాయే. ఆర్డరుంది, జనానికి సూపించం, నా పూచీ మీద ఖాళీ సేయిస్తన్నానని రాయి. కింద సాబ్ పేరు రాయి."

ఇక్కడి హిందీ బడిలో చదివి తెలుగు రాయడం రాని కళ హిందీలో రాసింది. నూకరత్నం ఆ కాగితం, పెన్ను ఆఫీసరు ముందు పెట్టింది.

"దస్తఖత్ కరో సాబ్. సంతకం పెట్టిన చనం మా పడవ మేమే తోసుకుంటాం."

అతను రెండుసార్లు చదివాడు. పక్కకెళ్లి చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. తిరిగొచ్చి, సంతకం పెట్టే అధికారం తనకు లేదన్నాడు.

"సంతకానికి లేని అదికారం, మా బతుకు తవ్వడానికి ఎలగొచ్చింది సాబ్?"

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. "రాసివ్వకపోతే నేనూ నడపను సాబ్. రేపు కేసయితే నా పేరే రాస్తారు."

ఫోర్సుతో వస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు చూసుకుంది నూకరత్నం, తాడు బిగించి పట్టుకున్న అరచెయ్యి ఒరుసుకుపోయి ఉంది. అప్పలరాముడు తాడు తీసుకుని, పడవను మునుపటి చోటే గట్టిగా కట్టాడు.

తొమ్మిదో రోజున ఫోర్సు రాలేదు, నోటీసొచ్చింది. విచారణకు రమ్మని నాలుగు లైన్లు, కింద ఒక అధికారి పేరు, సంతకం.

"గెలిచినట్టేనా అమ్మా?" అంది కళ.

"ఇంకా లేదు. ఇన్నాళ్లూ మనిసి లేని మాటతో తగువాడినాం. ఇప్పుడు పేరు దొరికింది. పద, వకీలు కాడికి పోదాం."