మైమూనా ఏడ్చిన నాటకం

నొబిలా తప్సోబా శవాన్ని గడప దాటించే వేళకి మైమూనా పారే ఆయన పంట్లాం తొడుక్కుని, ఆయన టోపీ నెత్తిన పెట్టుకుని, వాకిలికి అడ్డంగా పడుకుంది. లేవమంటే లేవనంది. ఈ ముసలాడు బతికినన్నాళ్లూ తన టీలో చక్కెర కూడా కాజేశాడని, ఇప్పుడు చెప్పాపెట్టకుండా జారుకుంటుంటే ఊరుకునేది లేదని మొండికేసింది. ఆయనలాగే కుంటుతూ నడిచి చూపించింది, వేదిక మీద ఆయన చేసినట్టే సంభాషణ మరిచిపోయి దగ్గు నటించింది. పెళ్లికీ చావుకీ పంచుకుని నమిలే కోలా గింజలు గుప్పెడు చేతిలో పోస్తే గానీ దారి ఇవ్వలేదు. శవాన్ని మోస్తున్నవాళ్లు ఏడుస్తూనే పగలబడి నవ్వారు. నొబిలా పెళ్లాం బిబాటా అయితే, కళ్లు వాచిపోయి కూడా, "ఓసి కుక్కతల తినేదానా, ఆ పంట్లాం చించావంటే నీ పని చెప్తా" అని గుమ్మంలోంచే తిట్టింది. పొద్దుట్నుంచీ ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అదే.

మైమూనా సామో, నొబిలా వాళ్లు మోసీలు. ఈ రెండు జాతులకీ తాతల నాటి పరాచికాల వరస. పెళ్లయినా చావైనా ఒకళ్లనొకళ్లు దులిపి ఆరెయ్యాల్సిందే. సామోలు కుక్క తలలు తింటారని మోసీలూ, మోసీలు గాడిదల్ని తింటారని సామోలూ వెక్కిరిస్తారు. మోసీ ఇంటి చావుకి ఊరంతా ఏడవొచ్చు గానీ సామో ఏడవకూడదు. ఏడిస్తే వరస తెంచుకుని పరాయిదైపోయినట్టు లెక్క. నొబిలా, మైమూనా ఒకే నాటక బృందంలో ఏళ్ల తరబడి వేషాలు కట్టారు. లోపల ఎంత కుమిలిందో ఆమెకే తెలుసు. అయినా ఆ రోజు కంట చుక్క రాల్చలేదు.

ఆ జనంలో థియెరీ అనే తెల్లాయన ఒకడున్నాడు. యూరప్‌లో జరిగే పెద్ద నాటకాల పండక్కి ఆఫ్రికా నుంచి ఎవరు రావాలో తేల్చేది ఆయనే. రిహార్సల్ చూడమని బృందం పెద్ద రస్మానే నికియెమా ఆయన్ని రాజధాని వాగడూగూకి పిలిపించాడు. ఇంతలో చావు కబురొస్తే చావింటికే వెంటబెట్టుకొచ్చాడు. వచ్చినాయన వచ్చినట్టు కూర్చోక, ఫోను ఎత్తిపట్టుకుని అంతా తీశాడు. శవం వీధి మలుపు తిరగకముందే రస్మానే భుజం మీద చెయ్యేసి, నాకు కావాల్సింది ఇదే అన్నాడు. ఛీ! అక్కడ ఇంకా గుప్పెడు మట్టి కూడా పడలేదు.

కాదనడానికి మైమూనాకి నోరుంది. కానీ అనలేదు. బృందం దేశం దాటినప్పుడల్లా పడుచువాళ్లే విమానం ఎక్కారు గానీ ఆమె వంతు ఎన్నడూ రాలేదు. పైగా రస్మానే మెత్తగా చెప్పాడు, నువ్వు చెయ్యకపోతే ఆయనకి మనమెవరమూ అక్కర్లేదక్కా అని. నొబిలా కూడా ఆ వేదిక కోసం కలలు కని కనే పోయాడు. ఆయన పేరు మీద అక్కడి జనాన్ని కడుపుబ్బ నవ్విస్తే తప్పేముందిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నాటకానికి పంట్లాం కావాలని బిబాటాని అడిగితే, తీసుకుపోవే దొంగదానా, అంటూ మొహాన కొట్టింది.

రిహార్సళ్లు మొదలయ్యాక ఒక్కొక్కటీ ఊడబెరకడం మొదలుపెట్టారు. చక్కెర మాట అక్కడివాళ్లకి అర్థం కాదని తీసేశారు. కుంటి నడక చూస్తే అవిటివాళ్లని వెక్కిరించినట్టుంటుందని తీసేశారు. తిట్లు తీసేశారు. ఆ ఖాళీలో బూడిద తెచ్చి పెట్టారు. ఒళ్లంతా బూడిద పూసుకుని, రవికె లేకుండా, డప్పు మోతకి నెమ్మదిగా పాకాలట. ఏ మోసీ చావులో ఏ సామో బూడిదలో పాకింది? థియెరీ రెండో విడత వచ్చి చూసి, బూడిద ఇంకాస్త ఉంటే ఆదిమంగా ఉంటుందన్నాడు. రస్మానే తలూపాడు. 

చివరికి ఏడవమన్నారు.

"నువ్వు మోసీవి కదరా. నేనేడిస్తే ఏమవుతుందో నీకు తెలీదూ?" అని అడిగింది రస్మానేని పక్కకి లాగి.

"తెలుసక్కా. కానీ చావు దగ్గర నవ్వితే వాళ్లు మనల్ని మనుషులనుకోరు. అయినా ఇది నాటకమేగా, నువ్వు నిజంగా ఏడుస్తున్నావా ఏంటి?"

అంత చదువుకున్నవాడు, దేశదేశాల్లో వేదికలెక్కి మన సంస్కృతి మన సంస్కృతి అని గొంతు చించుకునేవాడు, ఎంత నున్నగా అనేశాడో! చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు. బూడిద గిన్నె దగ్గరికి లాక్కుంది.

నాటకాన్ని ముందు వాగడూగూలోనే, నాలుగు దేశాల పెద్దల ముందు ఆడారు. చచ్చిపోయినాయన భార్య ముందు వరసలో ఉంటే బావుంటుందని థియెరీకి తోచిందట. బిబాటా కొత్త గుడ్డ చుట్టుకుని, ఇద్దరు ఆడపడుచుల్ని వెంటేసుకుని వచ్చింది. మైమూనా ఎలా వెక్కిరిస్తుందో, తాము ఎలా తిప్పికొట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చారు ముగ్గురూ.

దీపాలు తగ్గాయి. డప్పు మోగింది. మైమూనా పాకుతూ వచ్చి, మొగుడి పంట్లాన్ని గుండెకి హత్తుకున్న పెళ్లాంలా ఆ పంట్లాన్ని హత్తుకుని ఏడుపు మొదలుపెట్టింది. హాలు బిగుసుకుపోయింది. కాసేపు చూసి బిబాటా ఇక ఆగలేకపోయింది.

"ఏమే కుక్కతలా, ఉల్లిపాయలు తరిగొచ్చావా? మా ఆయన నీకేమవుతాడే?"

ఆడపడుచులు కిసుక్కుమన్నారు. వెనక వరసల్లో ఊరివాళ్లు నలుగురు నవ్వబోయారు. తెల్లవాళ్లు తలలు తిప్పి చూశారు. హాలు మనిషొకడు పరిగెత్తుకొచ్చి, నోటి మీద వేలేసుకుని, కళాకారిణికి ఇబ్బంది కలిగించొద్దని బిబాటాని మందలించాడు. నొబిలా ఆలికి, నొబిలా చావు గురించి!

జవాబు మైమూనా నాలుక చివరనే ఉంది. గాడిదని తినే జాతిదానా, మీ ఆయన అప్పుడే వేరేదాన్ని వెతుక్కున్నాడే అనాలి. అంతే, హాలంతా గొల్లుమనేది, నొబిలా చావు మళ్లీ నొబిలా చావయ్యేది. బిబాటా మెడ చాపి, నవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న మొహంతో ఆ జవాబు కోసమే చూస్తోంది. తెర పక్కన రస్మానే రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

మైమూనా జవాబు మింగేసింది. తల వంచి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఈసారి నిజంగానే కన్నీళ్లు వచ్చాయి, బూడిద మీంచి గడ్డం దాకా చారలు కట్టాయి. అది చూసి జనం మరీ కరిగిపోయారు.

లేచి నిలబడి ఒకటే చప్పట్లు. థియెరీ ఆమె చేతులు పట్టుకుని, ఇంత స్వచ్ఛమైన శోకం ఎన్నడూ చూడలేదన్నాడు. ఒకావిడ ఆమె చెంప మీది బూడిదని వేలితో తాకి, ఆ వేలినే చూసుకుంటూ మురిసిపోయింది. ఒళ్లంతా పురుగులు పాకినట్టయింది మైమూనాకి. వెనక దొడ్లోకి పోయి బకెట్టు నీళ్లు కుమ్మరించుకుంది. వాళ్ల మీద కన్నా తన మీద తనకే ఎక్కువ రోతేసింది. ముందు వరసలో మూడు కుర్చీలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో ఆమె చూడనే లేదు.

పంట్లాం ఉతికి, ఇస్త్రీ చేయించి, మర్నాడే బిబాటా ఇంటికి వెళ్లింది. తన్నులు తినడానికైనా సిద్ధపడే వెళ్లింది. వీధిలోంచే, "ఏయ్ గాడిదని తినేదానా, బతికున్నావా?" అని కేకేసింది.

బిబాటా బయటికొచ్చింది. తలకి గుడ్డ సర్దుకుని, లోపల్నుంచి మంచి కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. గ్లాసు కడిగి నీళ్లు తెచ్చి రెండు చేతులతో అందించింది. ఒంట్లో బావుందా అమ్మా, పిల్లలు కులాసానా అని అడిగింది. పంట్లాం తీసుకుని, మా ఇంటి కష్టానికి వచ్చి ఏడ్చారు, దేవుడు మీకు మేలు చెయ్యాలి అంది. దూరపు ఊరి నుంచి పలకరింపుకొచ్చిన ముక్కూమొహం తెలీనివాళ్లతో అనే మాట అది.

"తిట్టవే! నీకు దణ్ణం పెడతా, ఒక్క తిట్టు తిట్టు" అంది మైమూనా. గ్లాసులో నీళ్లు తొణికాయి.

 బిబాటా నీళ్లు పడ్డ చోట నేల తుడిచింది.

"రేపు నేను పోతే నా వాకిలికి అడ్డంగా ఎవరు పడుకుంటారే, బిబాటా?"

"అదేం మాటమ్మా. మీరు నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి" అంది బిబాటా, ఎంతో మర్యాదగా, వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ.