మాణిక్యానికేం కాలేదు

రత్నమాణిక్యం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని, భుజాన సంచీతో పొలానికి నీళ్ళు పారే బోదె దాటేసరికి, బురదలో వంగి వరి ఊడుస్తున్న పన్నెండుమంది ఆడవాళ్ళలో ఎవరో కేకేశారు.

"ఆయ్, ఆశమ్మగారొచ్చారర్రా! బిళ్ళలు!"

నలభై ఆరేళ్ళ మనిషి. కాస్త బొద్దు, మడమల నిండా పగుళ్ళు, ఎంత దువ్వినా చెవి పక్కన లేచి నిలబడే తెల్లవెంట్రుకలు. రామచంద్రపురం అవతల ఆ ఊళ్ళో పదహారేళ్ళుగా ఆశా కార్యకర్త. ఐరన్ బిళ్ళలు పంచడం, నిండు చూలాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళడం, రెండో కాన్పయినవాళ్ళకి ఇక పిల్లలు పుట్టకుండా లూపు వేయించుకోమని నచ్చజెప్పడం, ఇదీ ఆవిడ బతుకు. నచ్చజెప్పడానికి ఆవిడ దగ్గర తిరుగులేని మాట ఒకటుంది.

"నేను వేయించుకోలేదూ? నాకేం కాలేదుగా! రోజంతా సైకిలు తొక్కేదాన్ని."

ఆ మాట విన్నాక కాదన్న ఆడది ఊళ్ళో లేదు. చాలామందికి నిజంగానే ఏమీ కాలేదు కూడా.

లోవలక్ష్మికి అయింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. మార్చిలో రత్నమాణిక్యమే దగ్గరుండి కాపర్-టీ వేయించింది. అప్పట్నుంచి నెలలో పన్నెండు రోజులు రక్తం పోతూనే ఉంది, పొత్తికడుపు మెలిపెడుతోంది. ఊడ్పులంటే వెనక్కి అడుగులేస్తూ నాటుకుపోవడం. ఒక్కరు నడుం ఎత్తితే వరసంతా ఆగాలి. లోవలక్ష్మి మాత్రం గంటకోసారి గట్టెక్కి, మోటారు షెడ్డు వెనక్కి పోయి, బట్ట మార్చుకుని వస్తోంది. మిగతావాళ్ళు అంతసేపూ చేతిలో నారు పట్టుకుని నిలబడి గొణుక్కుంటున్నారు.

బిళ్ళలు తీసుకోవడానికి లోవలక్ష్మి వచ్చి గట్టు పక్కన నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"తీయించెయ్యండాశమ్మగారూ. నా వల్ల కావట్లేదండి."

అలా అడగడం అది మూడోసారి. మొదటిసారి మూడు నెలలు ఓర్చుకోమంది, రెండోసారి ఆరు నెలలంది. ఇప్పుడేమనాలో తోచలేదు రత్నమాణిక్యానికి. ఒక్కదానికి తీయిస్తే ఊళ్ళో అందరూ తీయించమంటారేమోనన్న భయం ఒకటి ఉండనే ఉంది. ఏమనాలో తోచనప్పుడు ఆవిడకి వేళాకోళం వస్తుంది. అదే వచ్చింది, అదీ వరసంతా వినేలా.

"నీ ఈడులో నేనిది పెట్టుకుని ఊరంతా తిరిగాను తల్లీ! నాకేం కాలేదుగా. నువ్వేంటి, నాలుగు దుబ్బులు నాటి గట్టెక్కుతున్నావు?"

వరసంతా ఘొల్లున నవ్వింది. ముఠా మేస్త్రి వెంకటదుర్గ నడుం మీద చెయ్యేసుకుని, "మేమూ అదేనండి అంటన్నది. ఒళ్ళు వంచదండిది" అంది.

లోవలక్ష్మి నవ్వలేదు, ఏడవలేదు.

"మీకు పడిందండి. నా ఒంట్లోనే ఏదో లోపం ఉంది" అని, బిళ్ళలు కొంగున ముడేసుకుని మళ్ళీ వంగింది.

ఆస్పత్రిలో మీటింగుకి నడుస్తోందన్నమాటే గానీ ఆ మాట రత్నమాణిక్యాన్ని వదల్లేదు. పడిందిట! ఎక్కడ పడిందీ? పనిలో చేరిన కొత్తలో ముప్ఫయ్యో ఏట వేయించుకుంది, నిజమే. నాలుగు నెలలు సైకిలు సీటు మీద పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఐదో నెలలో, ఎవరూ ఎరగని చోటని రాజమండ్రి పోయి గుట్టుగా తీయించేసుకుంది. పది నిమిషాలు పట్టలేదు. తెలిస్తే తన మాటెవరూ వినరని మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మంచికేగా ఈ అబద్ధం అనుకుంది. అనుకుని అనుకుని, ఆఖరికి తనకి నిజంగానే ఏమీ కానట్టు అలవాటైపోయింది. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది. తను పది నిమిషాల్లో వదిలించుకున్న బాధని ఆ పిల్ల చేత ఐదు నెలలు మోయించింది.

మీటింగయ్యాక నర్సు సత్యశ్రీ దగ్గర లోవలక్ష్మి సంగతి మెల్లగా కదిపింది.

"అయ్యో, పడకపోతే తీసేద్దాం పిన్నిగారూ. ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు? అడిగినవాళ్ళకి తియ్యబోమని ఎవరన్నారు? ఇప్పుడే తీసుకురండి, నేనిక్కడే ఉంటాను."

ఎవరూ అనలేదు. అదే మరీ గుచ్చుకుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మడమలు మంటలెత్తుతున్నా పొలానికి పరుగులాంటి నడక నడిచింది. వరసలో పదకొండుమందే ఉన్నారు.

"ఇంక రావద్దన్నానండి" అంది వెంకటదుర్గ. "ఒంట్లో బాలేదేమో అనుకునేవాళ్ళం. మీరే అన్నారు కదండీ, ఏం కాదని. ఆళ్ళాయన కూడా నాలుగు తిట్టి, అమ్మగారింటికి పొమ్మన్నాడంట. బస్సుకాడుంది."

రాజమండ్రి బస్సు ఆగే షెడ్డులో సిమెంటు బల్ల మీద లోవలక్ష్మి కూర్చుని ఉంది. ఒళ్ళో చంటిది, పక్కన పెద్దది, కాళ్ళ దగ్గర బట్టల సంచీ. రాజమండ్రి మీదుగా నిడదవోలు, అమ్మగారింటికి వెళ్ళాలి. రత్నమాణిక్యం రొప్పుతూ ఎదురుగా నిలబడింది.

"లోవా, నాకూ పడలేదే. ఐదో నెల్లో తీయించేసుకున్నాను. ఇన్నేళ్ళూ అందరికీ అబద్ధం చెప్పాను. నీకూ చెప్పాను."

లోవలక్ష్మి తలెత్తింది.

"అయితే నా ఒంట్లో లోపం లేదాండి?"

"లేదు తల్లీ. లోపం నాది. లే, ఇప్పుడే తీయిస్తాను. నర్సమ్మగారు కూర్చునున్నారు."

"ఈ మాట పొద్దున్న చేలో చెప్పాల్సిందండి" అంది లోవలక్ష్మి. గొంతులో కోపం లేదు. "అక్కడ అందరూ ఉన్నారు."

దూరంగా బస్సు హారను వినిపించింది. లోవలక్ష్మి చంటిదాన్ని భుజానికెత్తుకుని లేచింది.

"మా అమ్మ తీయిస్తదండి. మీ ఎంట రాలేనండి ఇంక."

బస్సు సగం ఖాళీగానే ఉంది. పెద్దదాన్ని సీట్లో కూర్చోబెట్టి, తను మాత్రం చంటిదాన్నెత్తుకుని కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. బస్సు కదిలి, కాలవ వంతెన దాటి, కనుమరుగైంది.

రత్నమాణిక్యం కూర్చోబోయి ఆగింది. మరక అంటకుండా లోవలక్ష్మి నాలుగు మడతలేసి పరుచుకుని కూర్చున్న యూరియా సంచీ ఒకటి సిమెంటు బల్ల మీద ఉండిపోయింది.