స్ట్రాబెర్రీ మీద వేలు పడింది

పురుగుమందు కొట్టిన గంటకే కూలీ ఆడవాళ్లను తోట మీది ప్లాస్టిక్ గుడారంలోకి తోలారు. కాసేపటికే గిజ్లాన్ సాళ్ల మధ్య కూలబడి నురగ కక్కింది. మేస్త్రీ బుష్తా ఆమెను రేకుల షెడ్డులో పడేయించి, పండ్లు ఎండకి వాడిపోతున్నాయని కేకలేశాడు. స్పెయిన్‌లోని ఈ వెల్వా పొలాల్లో మనిషి కన్నా స్ట్రాబెర్రీకే మర్యాద ఎక్కువ!

పదింటికి జర్మనీ దుకాణాల తనిఖీ దొరసాని దిగింది. దాంతో మొరాకో ఆడవాళ్లు నలభైమందికీ చేతితొడుగులు, మాస్కులు, చల్లటి నీళ్లు ఊడిపడ్డాయి. ఆమె సంతకం పెడితే పెట్టెల మీద పచ్చటి బిళ్ల అంటిస్తారు. భూమికీ కూలీకీ కీడు చెయ్యని పండ్లని దానర్థమట!

"మందు కొట్టాక ఎన్నాళ్లకు లోపలికెళ్తారు?" అని అడిగింది. ఆమె మాట అరబ్బీలోకి, వీళ్ల మాట స్పానిష్‌లోకి మార్చి చెప్పేది బుష్తాయే. కూలీల్లో అందరికన్నా పాతదైన రక్యా ఏటా "రెండ్రోజులకి" అనేది. అలా అంటేనే మళ్లీ పిలుస్తారని కొత్తవాళ్లకూ నేర్పింది. ఈసారి మనసొప్పలేదు.

"గంటకే! మా పిల్ల షెడ్డులో చావుబతుకుల్లో ఉంది, చెప్పరా!"

బుష్తా నవ్వుతూ స్పానిష్‌లో ఏదో అన్నాడు. దొరసానీ నవ్వి, సంతకం గీకి వెళ్లిపోయింది. సొంత ఊరివాడే! కంచే చేను మేసింది.

మధ్యాహ్నం రొట్టె ఎవరికీ దిగలేదు.

"అబద్ధం నేర్పింది నువ్వే కదక్కా!" అంది కొత్తగా వచ్చిన ఇట్టో.

"నేనేనమ్మా. నా నోరు పడిపోను."

"తిరగబడితే వచ్చే ఏడు పిలవరు. నా పిల్లలేం తినాలి?" అందొకామె.

"పిల్లల తల్లుల్నే ఏరి తెచ్చింది అందుకే, కిక్కురుమనమని! గిజ్లాన్‌కీ ఇద్దరున్నారు. మాటైతే వాడు మార్చేశాడు, వేలినెట్లా మారుస్తాడు?" అంది రక్యా.

పండును తాకకుండా తొడిమ గిల్లి కోయడమే అక్కడి పని. పండు మీద వేలి నొక్కు పడితే జర్మనీ చేరేలోపే బూజు పడుతుంది. ఆ మధ్యాహ్నం నలభైమందీ ప్రతి పండునూ బొటనవేలితో నొక్కి మరీ కోశారు.

పెట్టె మూత తీసిన బుష్తా లబలబలాడాడు. "ఎవత్తె చేసిందే ఇది?"

"అందరం!" అంది రక్యా. "గిజ్లాన్‌కి అంబులెన్స్ పిలువు. అప్పటిదాకా పెట్టెకో మంచి పండు కూడా దొరకదు."

యజమాని అంబులెన్స్‌ను పిలిచాడు, పోలీసులనూ పిలిచాడు. గిజ్లాన్ ఒక బండిలో, రక్యా ఇంకో బండిలో వెళ్లారు.

"పీడ వదిలింది. ఇక పనిలోకి నడవండి!" అన్నాడు బుష్తా.

ఇట్టో వెళ్లి, రక్యా కోసే సాలులోకి దిగి, ఎర్రగా పండినదాన్ని చూసి బొటనవేలు దిగేలా నొక్కింది.

"అక్కని తీసుకురా. మందు కొట్టాక రెండ్రోజులాగాలని కాగితం రాసివ్వు," అంది. "ఈ తోటలో ఇంకా చాలా పండ్లున్నాయి."