పోయేవాళ్లకు కౌంటర్ లేదు

ఆ ఆఫీసులో మనుషులను పేర్లతో పిలిచే అలవాటు ఎప్పుడో పోయింది. కిటికీ పక్కన కూర్చునే బట్టతలాయన పుట్టుకలు. గోడవైపు కూర్చుని పొద్దస్తమానం పల్లీలు నమిలే ఆవిడ చావులు. ఇద్దరి మధ్యా కూర్చునే అతను రాకలు. ఊళ్లోకి కొత్తగా వచ్చి చేరినవాళ్లు అతని కౌంటర్ ముందు నిలబడి, ఎక్కడినుంచి వచ్చారో, ఎంతమంది వచ్చారో, ఎందుకు వచ్చారో చెప్పాలి.

నాలుగో కౌంటర్ లేదు. ఊరు విడిచిపోయేవాళ్లు చెప్పి పోరు. ఒక గదిలోంచి ఒకరు వెళ్లిపోయారన్న సంగతి, అదే గదిలోకి ఇంకొకరు వచ్చి చేరినప్పుడే ఆఫీసుకు తెలిసేది.

ఆ వారం పెద్దాఫీసరు వచ్చి దీని మీదే కేకలేశాడు. "ఊళ్లో పుట్టేవాళ్లూ చచ్చేవాళ్లూ ఇంచుమించు సమానం. పెరిగిందంతా బయటినుంచి వచ్చినవాళ్ల వల్లే. మీ లెక్క ప్రకారం ఊరు కిక్కిరిసిపోవాలి. నీళ్ల శాఖవాళ్లేమో వాడకం తగ్గిందంటున్నారు. మీ జనమంతా స్నానాలు మానేశారా?"

ఆయన గుమ్మం దాటగానే చావులావిడ పల్లీల పొట్లం మళ్లీ విప్పింది.

"పుడితే ఆయన దగ్గరికి రావాలి. చస్తే నా దగ్గరికి రావాలి. సంచి సర్దుకుని ఊరికే వెళ్లిపోయేవాడు ఎవరి దగ్గరికి రావాలయ్యా?"

"వాళ్లనీ నీ ఖాతాలోనే వేసేద్దాం అక్కా," అన్నాడు పుట్టుకలాయన.

"వెయ్యి. బోణీ నువ్వే చెయ్యి."

వాళ్లిద్దరూ నవ్వారు. అతను నవ్వలేదు. ఎదుటివాళ్లు నవ్వుతున్నప్పుడు వాళ్ల కళ్లు చూడటం అతనికి అలవాటు. కళ్లు నవ్వకపోతే అక్కడేదో ఉన్నట్టు.

కౌంటర్ ముందు నిలబడేవాళ్లంతా అబద్ధం చెబుతారని అతని నమ్మకం. ఎందుకు వచ్చారంటే అందరిదీ ఒకటే జవాబు: పని కోసం. తమను ఇటు లాగినదాన్ని చెబుతారు, అటునుంచి నెట్టినదాన్ని చెప్పరు. అక్కడ ఉండలేకపోయాను అని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు. ఆ మాట గొంతుదాకా వచ్చి వెనక్కి పోవడం మాత్రం అతనికి కనిపించేది. ఒక్క క్షణం మొహం ఖాళీ అవుతుంది, తర్వాత "పని కోసం సార్" అంటారు.

ఎంతమంది అన్నదాంట్లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల అబద్ధాలు. "ఒక్కడే సార్" అంటారు, వెళ్లి చూస్తే నలుగురు. అందుకని తనిఖీకి వెళ్లినప్పుడు అతను మనుషులను లెక్కపెట్టేవాడు కాదు. గుమ్మం దగ్గర చెప్పులు, గ్లాసులో బ్రష్షులు, బోర్లించిన కంచాలు, దిండ్లు చూసేవాడు. మనుషులను పక్కింట్లో దాచొచ్చు. దిండ్లను దాచాలని ఎవరికీ తోచదు. ఒక వస్తువు ఎక్కువుంటే ఒక మనిషి ఎక్కువున్నట్టే.

అలాంటి చూపుతోనే అతను తన ఇంట్లో దిండును చూశాడు.

కొత్తది, నీలం పూలది. బీరువా మీద కవరులో ఉంది. నాలుగు రోజులకు లేదు. తర్వాత ఒక కంచం వచ్చింది, పోయింది. ఆకుపచ్చ పిడి ఉన్న బ్రష్షు కూడా అంతే. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ భార్యా. ఆమె ఒక కుట్టుషాపులో పాత బట్టలు సరిచేస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలపాటు షాపు మూస్తారు. ఆ రెండు గంటలూ అతను కౌంటర్లో ఉంటాడు.

ఆమె తమ్ముడై ఉంటాడని మొదట అనుకున్నాడు. తమ్ముడై ఉంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మీ తమ్ముడు ఎక్కడున్నాడిప్పుడు?"

"వాడి ఊళ్లోనే. ఏం?"

"ఊరికే."

"మీరు ఊరికే ఏదీ అడగరు."

"ఇవాళ ఆలస్యమైందేం?"

"అరిగిన కాలర్లు తిప్పి కుట్టాల్సినవి ఎక్కువొచ్చాయి."

"ఎవరివి?"

"మెడలున్నవాళ్లవి."

అతను బాత్రూమ్‌లోకి వెళ్లి తువ్వాలు తడిగా ఉందేమోనని చేత్తో నొక్కి చూశాడు. దీన్ని అనుమానం అంటారని అతనికి తోచలేదు. కుట్టేవాళ్ల చూపు అతుకు మీదికి పోయినట్టు, తన చూపు అటు పోతోంది, అంతే అనుకున్నాడు. ఈమధ్య ఆమె అడగకముందే అన్నీ చెప్పేస్తోంది. ఎక్కడికి వెళ్లిందో, ఎవరు కనిపించారో, ఎందుకు ఆగిందో, ఒకే గొంతుతో, కౌంటర్ ముందు నిలబడినట్టు. అది చూసి అతనికి తృప్తి కలిగింది. ఆ తృప్తి ఎందుకో మాత్రం తరచి చూసుకోలేదు.

ఒక ఉదయం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు అతను ఆమె దారాల డబ్బా తీశాడు. ఉండల అడుగున తాళంచెవి ఉంది. తమ ఇంటిది కాదు. ముందు అక్కడే పెట్టేశాడు. తర్వాత మళ్లీ తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. అది పోయిందని గమనించలేదా, గమనించీ ఊరుకుందా అన్నది తేల్చుకోలేక వారమంతా ఆమె మొహం చూస్తూ గడిపాడు.

అప్పుడు వచ్చింది కౌంటర్ దగ్గరికి, గది అద్దెకిచ్చిన ఓ ఇంటావిడ. చేతిలో గొడుగు, పెద్ద గొంతు.

"సార్, చెప్పులషాపు సందులో మా మేడమీద గది అద్దెకిచ్చా. రాయించాలా, వద్దా?"

"ఎంతమంది?"

"ఒక్కతే."

అతని పెదవి కొద్దిగా వంగింది. "అందరూ ఒక్కరే అంటారు."

"నేను అందర్లో దాన్ని కాదు. అసలు నా గొడవేంటో వినండి. ఆ అమ్మాయి మధ్యాహ్నం వస్తుంది, కాసేపుంటుంది, వెళ్లిపోతుంది. వంటా లేదు, మాటా లేదు. రాత్రి ఒక్కనాడూ పడుకోలేదు. మరి ఉన్నట్టా, లేనట్టా?"

"రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడే లెక్క. పడుకోకపోతే రాయక్కర్లేదు."

"హమ్మయ్య. సామాను కూడా ఎంతని? ఓ కంచం, ఓ దిండు. నీలం పూల దిండు. ఎక్కడ కొన్నావే పిల్లా, భలే ఉంది అంటే నవ్వి ఊరుకుంది."

అతని కలం ఆగింది.

"ఆవిడ కోసం ఎవరూ రారా?"

"ఎవరూ రారు."

"మీరు చూశారా?"

"మా గుమ్మం ముందునుంచే మెట్లు."

"మధ్యాహ్నం మీరు కునుకు తీస్తారుగా."

"నేను కునుకు తీస్తే మా ఆయనకు పండగే. ఆ భాగ్యం ఇంకా కలగలేదు," అంటూ గొడుగు చంకలో పెట్టుకుని వెళ్లింది.

చావులావిడ నమలడం ఆపింది. "ఏంటయ్యా, మొహం అలా అయిపోయింది? నా కౌంటర్‌కి మారేలా ఉన్నావే."

మర్నాడు మధ్యాహ్నం అతను కౌంటర్ వదిలి చెప్పులషాపు సందులోకి వెళ్లాడు. మేడమీద గుమ్మం దగ్గర ఒకటే జత చెప్పులు. ఎడమదానికి పట్టీ తెగితే ఆమె తనే కుట్టుకుంది. ఆ కుట్టు అతనికి తెలుసు. రెండోవాడు తన చెప్పులు లోపల విడిచి ఉంటాడనుకున్నాడు. తలుపు తట్టలేదు. జేబులోని తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరిగింది.

ఆమె కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. కుట్టడం లేదు, చదవడం లేదు, ఊరికే కూర్చుంది. అతను ఆమెను దాటి చూశాడు. తలుపు వెనక ఎవరూ లేరు. బాత్రూమ్‌లో సబ్బు ఎండి ఉంది. గ్లాసులో ఆకుపచ్చ బ్రష్షు ఒకటే. కంచం ఒకటి. పరుపు లేని మంచం మీద దిండు ఒకటి, దాని పక్కన మడత విప్పని దుప్పటి.

"మంచం కింద చూడలేదు," అందామె.

అతని నడుము నిజంగానే కొద్దిగా వంగి, ఆగింది.

"ఇక్కడేం చేస్తావు?"

"కూర్చుంటా."

"కూర్చుని?"

"ఏం చేశావని ఎవరూ అడగరు. దానికోసమే వస్తా."

ఆ గదిలో ఉన్న ప్రతి వస్తువూ ఒక్కరికి సరిపడేదే. తన ఇంట్లో ఒకరు పెరిగారని ఇన్నాళ్లూ వెతికాడు. కంచాన్నీ దిండునూ సరిగానే లెక్కపెట్టాడు, కూడికలో వేశాడు. అవి తీసివేతలోవి. వచ్చినవాళ్లను పట్టుకోవడం తప్ప పోతున్నవాళ్లను చూడటం తన కళ్లకు నేర్పలేదు.

"ఆ చెవి దారాల డబ్బాలో పెట్టింది నేనే," అందామె. "ఇంటావిడ రెండిచ్చింది. ఆ డబ్బా మీరు తీస్తారని తెలుసు. చేతిలో పట్టుకుని వచ్చి, ఇదేంటి అని నన్నే అడుగుతారనుకున్నా. అడిగితే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చి చూపిద్దామనుకున్నా. వారం చూశా. మీరు నా మొహం చూస్తూ కూర్చున్నారు." ఆమె దుప్పటి వైపు చూసింది. "ఒక్క రాత్రి కూడా ఇక్కడ పడుకోలేదు. మీ రూలు ప్రకారం నేనింకా మీ ఇంట్లోనే ఉన్నా."

అంటే అయిపోలేదు. ఆమె ఎదురుచూస్తోందని అతనికి అర్థమైంది. ఆ చెవి ఆమె చేతిలో పెట్టి, సాయంత్రం ఇంటికి రా అంటే చాలు. అసలేమీ అనకపోయినా చాలు. కానీ లోపలినుంచి ఒక ప్రశ్న దగ్గులా పైకి వస్తోంది. దాన్ని మింగడానికి అతనికి సమయముంది. ఆ సమయం గడిచిపోవడం కూడా తెలుస్తూనే ఉంది.

"మరి మూడోది ఎవరి దగ్గరుంది?"

"మూడోదేంటి?"

"ఇలాంటి తాళానికి మూడు చెవులిస్తారు."

ఆమె మొహం ఒక్క క్షణం ఖాళీ అయింది. కౌంటర్ ముందు అతను ఎన్నోసార్లు చూసిన ఖాళీ అది. ఏదో గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆమె లేచి, దుప్పటి మడత విప్పి, మంచం మీద పరిచి, అంచులు లాగి సరిచేసింది.

"రేపు ఇంటావిడని మీ కౌంటర్‌కి పంపిస్తా. రాసుకోండి. ఒక్కతే."

"ఎందుకు వచ్చావంటే ఏం రాయను?"

"పని కోసం అని రాయండి. అందరికీ అదేగా రాస్తారు."

అతను బయటికి వచ్చాడు. వెనక గడియ పడింది. సగం మెట్లు దిగి ఆగాడు. పైనుంచి ఇంకో గొంతు వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టి విన్నాడు. దిండును తట్టి మెత్తన చేస్తున్న చప్పుడు వచ్చింది. అదీ ఆగింది. కింద ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి ఎవరు సార్ కావాలి అని అడిగినా, అతను చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసి, ఇంకాసేపు అక్కడే నిలబడి వింటూ ఉన్నాడు.