ఏ పచ్చ?

నేను ఒక తెరను. సినిమా తెరను కాను. విశాఖలో తుఫానుల లెక్కలు చూసే ఒక కార్యాలయంలో గోడంతా పరుచుకున్న తెరను. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్న సూపర్ కంప్యూటర్ గాలినీ, సముద్రాన్నీ, నేల వాలునూ లెక్కగట్టి గుట్టలకొద్దీ అంకెలు పంపుతుంది. వాటిని రంగుల్లో చూపడం నా పని. అంకెలను అనుమానించే మనుషులు రంగులు చూడగానే నమ్మేస్తారు. నాకు మాత్రం ఆ కంప్యూటర్ మీదా నమ్మకం లేదు, నా మీదా లేదు. నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు.

ఆ రోజు తుఫాను తీరం వైపు వస్తోంది. ఉప్పెన రాని ఊళ్లకు ఆకుపచ్చ, ఖాళీ చేయాల్సిన ఊళ్లకు ఎరుపు వేశారు. ఎరుపు చూస్తే జనం హడలిపోతారని పెద్ద ఆఫీసరు సోమేశ్వరరావు గారు దాన్ని తీయించి పసుపుపచ్చ పెట్టించారు. అప్పుడే నా మనసు కీడు శంకించింది.

గవ్వలపాలెం మత్స్యకారుల పెద్ద దానయ్య ఫోన్ చేసి తమ ఊరి సంగతి అడిగాడు. సోమేశ్వరరావు గారు నా వైపు ఓరచూపు చూసి, "మీది పచ్చగా ఉందయ్యా" అన్నారు. అవతలి గొంతు తేలికపడింది. ఆయన ఫోన్ పెట్టేసి టీ అందుకున్నారు. నాకు ఒళ్లు మండింది, కానీ నోరుంటే కదా!

నాకు రంగులు దిద్దే హైమవతి పుట్టు అనుమానపు మనిషి. అందుకే ఆమె అంటే నాకిష్టం. పక్క నుంచి ఆ ఫోన్ మాటలు విన్న ఆమెకు, ఇల్లు వదలమంటే ఎక్కడికెళ్లాలని అడగకుండా ఎవరైనా ఊరుకుంటారా అని తోచింది. వెంటనే దానయ్యకు ఫోన్ చేసింది.

"దానయ్య గారూ, పచ్చ అంటే ఏ పచ్చ అనుకున్నారు?"

"పచ్చంటే ఏటమ్మా, అరిటాకు పచ్చ. బయం నేదని, మమ్మల్ని తీసుకుపోడానికొచ్చిన బస్సులు ఎనక్కి పంపీసినాం."

"అది పసుపుపచ్చండీ. ఊళ్లో ఒక్కరు కూడా ఉండకూడదు."

బస్సులను మళ్లీ వెనక్కి తిప్పించేసరికి ఆమె గొంతు పోయింది. ఆఖరి మనిషి కూడా ఊరు దాటాక సముద్రం వచ్చి ఇళ్లను ఊడ్చుకుపోయింది.

తుఫాను వెలిశాక దానయ్య మా కార్యాలయానికి వచ్చాడు. నా అంచనా ఎంత కచ్చితమో సోమేశ్వరరావు గారు అతిథులకు గొప్పగా వివరిస్తున్నారు. దానయ్య నన్ను చాలాసేపు అనుమానంగా చూశాడు.

"నీరు ఎక్కడిదాకా వచ్చిందో బాగా సూపించినాది. ఇందులో మా మనుసులు ఎక్కడున్నారమ్మా?"

లేరని చెప్పింది హైమవతి.

"అదీ సంగతి. అందుకే ఆ బాబుకి అగుపడనేదు."