శేషుకుమారి జవాబు

2024 మే పదిహేడు, శుక్రవారం. మధ్యాహ్నం దోసకాయ పప్పు, గుమ్మడి వడియాలు. తిన్నాక, వడ్డించిన మనిషిని పెళ్లి చేసుకుందామా అని అడిగాను.

ఆమె నా మరదలు శేషుకుమారి. వాళ్లక్క, నా భార్య విద్యావతి చనిపోయిన ఏడాదికి, విజిటర్ వీసా మీద తెనాలి నుంచి రౌస్ హిల్‌లోని మా ఇంటికి వచ్చింది. తనకూ భర్త లేడు. వచ్చే వారం వెళ్లిపోవాలి. "మరదలేగా, తప్పేముంది?" అని బంధువులే ఫోన్లలో అంటున్నారు.

"రాత్రికి చెబుతాను బావగారూ" అని గిన్నెలు తీసింది. వెంటనే కాదనలేదు. ఆ మాత్రానికే సాయంత్రం దాకా ప్రాణం తేలికగా ఉంది.

సాయంత్రం మా అమ్మాయి కూతురు తన్మయి యూనివర్సిటీ నుంచి వచ్చింది. ట్యూడర్ రాజుల కాలపు ఇంగ్లిషు పెళ్లి చట్టాల మీద ఎస్సే రాస్తోంది. మా సంగతి దానికి తెలియదు.

"తాతయ్యా, దిస్ ఈజ్ వైల్డ్! వైఫ్ చనిపోతే ఆమె సిస్టర్‌ని చేసుకోడానికి ముందు రోమ్‌లో పోప్ నుంచి పర్మిషన్ తెచ్చుకోవచ్చు. కింగ్ హెన్రీ లా మార్చాక నో వే. పట్టుబడితే తెల్ల దుప్పటి కప్పి చర్చిలో నిలబెట్టేవాళ్లు. మ్యారేజ్ కేన్సిల్."

నేను కిటికీ వైపు చూశాను.

"మరి పేదవాళ్లో?" శేషు అడిగింది.

"దే జస్ట్ లాస్ట్ ఈచ్ అదర్, చిన్నమ్మమ్మా."

"వాళ్ల పిల్లలకి జడలెవరు వేసేవారే?"

"దట్స్ నాట్ ఇన్ మై రీడింగ్స్!"

"ఏం చదువే నీది! రాజుగారి పెళ్లిళ్లయితే లెక్కపెట్టుకున్నారు."

తన్మయి పకపకా నవ్వి, మెట్రోకి టైమైందని వెళ్లిపోయింది. శేషు వచ్చి నా ఎదుట కూర్చుంది.

"మనకి అడ్డొచ్చే రాజెవరూ లేరు బావగారూ. ఈ దేశం ఒప్పుకుంటుంది, మనవాళ్లూ ఒప్పుకుంటారు. అందుకే, కాదని నేనే చెప్పాలి."

"నావల్ల తప్పేమైనా జరిగిందా శేషూ?"

"తప్పు కాదు. కాఫీ ఇస్తే అక్క కలిపినట్టే ఉందంటారు. నవ్వితే అక్క నవ్వంటారు. మీరు అడిగింది నన్ను కాదు. మిగిలిన నాలుగు రోజులైనా నన్ను నాలా ఉండనివ్వండి."

ఆ మాట అంటూ ఆమె చెయ్యి తిప్పిన తీరు కూడా విద్యదే అనిపించింది.

ఆమె గొంతులో కోపం లేదు. మోకాలి తైలం నా చేతికందేలా పెట్టింది. "రేపు హారిస్ పార్క్ బజారుకి తోడు రండి. ఊళ్లో పిల్లలకి ఏవైనా కొనాలి" అంది.

వస్తానన్నాను.

లేచి తన గదిలోకి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.