స్టేటస్ పెండింగ్‌లో డ్రమ్స్ కొట్టిందెవరు

అమెరికాలోని పిస్కాటవేలో చదువుకునే రోజుల్లో జోసఫిన్‌కి ఒక బ్యాండ్ ఉండేది. పేరు స్టేటస్ పెండింగ్. వరంగల్ నుంచి వచ్చిన దివాకర్ గిటార్ వాయిస్తూ పాడేవాడు. చీరాల చర్చిలో డ్రమ్స్ నేర్చుకున్న జోసఫిన్ వెనక కూర్చుని కొట్టేది. వాళ్ళది పోస్ట్‌పంక్. అదేమిటని పెళ్ళైన కొత్తలో భర్త ఏసుపాదం అడిగితే, "దిగులుగా ఉన్నోళ్ళు డాన్స్ చేసుకునే పాటలండీ" అని చెప్పింది.

బస్సు తప్పిపోయిందనీ, లాండ్రీ రూమ్‌కి ఎవరో తాళం వేసుకుపోయారనీ దివాకర్ తెలుగులోనే, ఎత్తుపల్లాల్లేని గొంతుతో, వార్తలు చదివినట్టు పాడేవాడు. అద్దె ఇంటి బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ వెనక తప్ప డ్రమ్స్‌కి చోటు లేదు గనక జోసఫిన్ ఎవరికీ కనిపించేది కాదు. ఒకే ఒక క్యాసెట్ చేశారు. స్నేహితులు మొహమాటానికి తీసుకున్నారు. ఉద్యోగాలొచ్చాయి, బ్యాండ్ పోయింది.

ఇరవై ఏళ్ళు దాటాక, అమెరికాలోనే కాపెల్‌లో పుట్టి పెరిగిన హర్షిత్ అనే కుర్రాడికి ఆ క్యాసెట్ ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ఇంటర్నెట్‌లో పెట్టాడు. తెలుగు ముక్క రానివాళ్ళు ఎక్కడెక్కడి దేశాల్లోనో కూర్చుని లాండ్రీ పాట విని కళ్ళు తుడుచుకున్నారు. నాగరికత కూలిపోతున్న చప్పుడు అందులో వినిపించిందట.

హర్షిత్ దివాకర్‌ని వెతికి పట్టుకున్నాడు. పాత ఫొటోలేవైనా దొరుకుతాయేమోనని ఇద్దరూ ఇప్పుడు మోరిస్‌విల్‌లో ఉంటున్న జోసఫిన్ ఇంటికి భోజనానికి వచ్చారు.

"ఆంటీ, ఆ డ్రమ్ మెషీన్ ఇప్పుడు ఎక్కడ ఉంది, మీకు తెలుసా?" అని అడిగాడు హర్షిత్, పప్పు కలుపుకుంటూ.

"ఏ మెషీన్?"

"రికార్డింగ్‌లో బీట్ కొట్టడానికి వాడారు కదా. లాండ్రీ సాంగ్ మిడిల్‌లో ఒక బీట్ మిస్ అవుతుంది. మెషీన్‌ని అలా ప్రోగ్రామ్ చేయడం జీనియస్, ఆంటీ. నేను దాని మీద పెద్ద ఎస్సే రాసాను."

ఆనాటి రికార్డింగ్‌లో సరిగ్గా అక్కడే జోసఫిన్‌కి తుమ్ము వచ్చింది. రెండోసారి రికార్డ్ చేసే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆమె దివాకర్ వైపు చూసింది. అతను గోంగూర మటన్‌లోని ఎముకను శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"మెషీన్ కాదు నాన్నా, నేనే కొట్టా. అక్కడ తుమ్మాను."

"సో ఫన్నీ, ఆంటీ," అని హర్షిత్ మర్యాదగా నవ్వి పెరుగు వేసుకున్నాడు.

కొద్దిరోజులకి దివాకర్ ఫోన్ చేశాడు.

"ఏమనుకోకు జోసఫిన్. ఇంటర్వ్యూల ఆ పిలగాడు మెషీనేనా అని అడిగిండు. అవునంటే మస్తు కూల్‌గ ఉంటదనిపించి అవునన్న. ఇప్పుడు మీ పక్కనే డర్హమ్‌ల షో బుక్ చేసినం. మెషీన్ కూడ కొన్న. ఎంత ట్రై చేసినా ఆ సౌండ్ వస్తలేదు."

"ఎట్టా వస్తది?"

"నువ్వు కర్టెన్ ఎనక కూసొని కొట్టు. మెషీన్ ముందట పెడతం. ఉత్తగ లైట్లు వెలుగుతుంటయి."

వాటర్ హీటర్ వెనక కూర్చున్నందుకు జోసఫిన్ ఏనాడూ బాధపడలేదు. చోటు లేదు, కూర్చుంది. ఇప్పుడు చోటుండి కూడా తెర కడతాననడంతో ఆమెకు ఒళ్ళు మండింది. కానీ ఆ భోజనం రోజు నుంచి ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే వేళ్ళు వాటంతటవే స్టీరింగ్ మీద పాత దరువులు వేస్తున్నాయి.

"కర్టెన్ లేకపోతే వస్తా. కావాలంటే నీ మెషీన్ కూడా పక్కన పెట్టుకో. తెరే కావాలంటే ఆ మెషీన్‌నే తుమ్మమని చెప్పు," అంది.

డర్హమ్‌లో హాలు నిండిపోయింది. స్టేజీ మీద తెర లేదు, జోసఫిన్ పక్కన మెషీన్ లైట్లు వెలిగించుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళందరూ నల్లచొక్కాలు వేసుకుని, చేతులు కట్టుకుని, పరామర్శకి వచ్చినట్టు నిలబడ్డారు. ఏసుపాదం, వాళ్ళ చర్చికి వచ్చే విమలకుమారి ఆంటీ వచ్చి, కుర్చీలు అడిగి మరీ వేయించుకుని కూర్చున్నారు. జోసఫిన్ అన్ని పాటలూ తప్పులేకుండా కొట్టింది. ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చిలో కొడుతున్న చెయ్యి. లాండ్రీ పాటలో ఆ చోటు రాగానే జనం ఊపిరి బిగబట్టారు. ఈసారి తుమ్ము రాలేదు, దెబ్బ తప్పిపోలేదు. హాలంతా నిరాశగా నిట్టూర్చింది.

షో అయ్యాక జనం వరుసకట్టి మెషీన్‌తో ఫొటోలు దిగారు. మర్నాడు ఒక వెబ్‌సైట్ ఇలా రాసింది: డ్రమ్మర్ చాలా శ్రమపడింది, కానీ ఆ మెషీన్‌లోని ఆర్ద్రత మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

విమలకుమారి ఆంటీ మాత్రం అక్కడికక్కడే తేల్చేసింది. "పాటలు ఏం బాలేవమ్మా. నువ్వు బాగా కొట్టావు."

ఆ రాత్రే జోసఫిన్ డ్రమ్స్ విప్పుతుంటే హర్షిత్ మెల్లగా దగ్గరికొచ్చాడు. మెషీన్ సౌండ్ వైరు ఎక్కడికీ కలిపిలేదని అతను చూసేశాడు.

"ఆంటీ, రియల్లీ మీరేనా?"

"ఆరోజే చెప్పాను కదా."

"ఇప్పుడు నేను ఏం చేయాలి?"

"ముందా స్టాండ్ పట్టుకో."

పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో నిజం కూడా రాశాడు. సగంమంది నమ్మలేదు. నమ్మినవాళ్ళు తుమ్ము మీద కొత్త వ్యాసాలు మొదలుపెట్టారు. దివాకర్ ఇంకో ఇంటర్వ్యూ ఇచ్చి, ఒక ఆడపిల్ల ప్రతిభను ఆ రోజుల్లోనే గుర్తించింది తానేనని చెప్పాడు. గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో అది చదివి జోసఫిన్ ఎంత నవ్విందంటే, ఏసుపాదం కొత్తిమీర కట్ట పట్టుకుని కారెక్కకుండా అలాగే నిలబడిపోయాడు.

తర్వాతి షో హర్షిత్ వాళ్ళ ఊరు కాపెల్‌లో. మొదటి పాటకి కర్రలు కొట్టి లెక్కపెట్టేటప్పుడే ఆమె కావాలని వేగం పెంచింది. దివాకర్ వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఇంకాస్త పెంచింది. ఎత్తుపల్లాల్లేని గొంతుకి పేరుపడ్డ ఆ గాయకుడు తప్పిపోయిన బస్సు వెనక నిజంగానే పరుగెత్తుతున్నట్టు రొప్పుతూ పాడాడు. చేతులు కట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే చేతులు విప్పారు. జోసఫిన్‌కి చెమటతో కళ్ళు మండుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆగకుండా రెండో పాటలోకి వెళ్ళిపోయింది.